రొయ్య గుడ్లు లెక్కపెట్టేంత దగ్గరగా: అక్వేరియం ఫోటోలకు చిన్న కెమెరా ఎలా ఎంచుకోవాలి

నల్లగొండలో మా ముందుగదిలో రెండడుగుల ట్యాంకు ఉంది. పైన నియాన్ టెట్రాల గుంపు, అడుగున నాచు మీద పాకే చెర్రీ రొయ్యలు. ఒకసారి ఒక ఆడ రొయ్య కడుపు కింద పసుపుపచ్చ గుడ్లు మోస్తూ కనిపించింది. దాన్ని ఫోటో తీయాలన్న ఆశతోనే హైదరాబాద్ పోయి ఒక కాంపాక్ట్ కెమెరా కొన్నాను. షాపాయన డబ్బా తిప్పి చూపించాడు. "ఇగో సార్, మీకు గిదే కావాలె. ఒక్క సెంటీమీటర్ దాకా ఫోకస్ అయితది. డబ్బా మీదనే రాసుంది సూడుండ్రి."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఇంటికొచ్చి రాత్రి ట్యాంకు ముందు కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. ఆ ఒక్క సెంటీమీటరు జూమ్ అసలు లాగనప్పటి మాట. నా రొయ్యేమో అద్దానికి నాలుగు వేళ్ల లోపల ఉంది. జూమ్ లాగితే కెమెరా అడుగున్నరకు ఇవతల ఉన్న దేన్నీ పట్టడం లేదు. వంద ఫోటోలు తీస్తే అన్నింటిలోనూ రొయ్య ఒక ఎర్ర చుక్క. వారం తిరగకుండానే ఆ గుడ్లు పిల్లలైపోయాయి. ఆ ఫోటో నాకు దక్కలేదు.

మీకు దక్కాలని ఇది రాస్తున్నాను.

ముందు చేపను కొలవండి

కెమెరా పేర్లు వెతకడానికి ముందే మీ ట్యాంకులో దేన్ని తీయాలో తేల్చుకోండి. ఫైటర్ చేప తోకతో కలిపి 6 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మగ గప్పీ, నియాన్ టెట్రా దాదాపు 3 సెంటీమీటర్లు. చెర్రీ రొయ్య మామూలుగా రెండు, రెండున్నర. ఏంజెల్, గోల్డ్‌ఫిష్ అయితే అరచేతిలో సగం ఉంటాయి, వాటికి పెద్ద చిక్కేమీ లేదు.

ఫోటోలో చేప నిండుగా కనిపించాలంటే కనీసం ఫ్రేములో సగం వెడల్పు ఆక్రమించాలి. అంటే నియాన్ కోసం 6 సెంటీమీటర్ల వెడల్పు, రొయ్య కోసం 5 సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేము నింపగలిగే కెమెరా కావాలి. ఈ అంకెను కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మెగాపిక్సెళ్లు, 4కే వీడియో, వైఫై అంటూ షాపులో ఎన్ని చెప్పినా ఈ అంకె దగ్గరికే తిరిగి రావాలి.

తర్వాత చేప సాధారణంగా అద్దానికి ఎంత లోపల తిరుగుతుందో ఓ సాయంత్రం కూర్చుని గమనించండి. మా ట్యాంకులో నియాన్‌లు అద్దానికి 10, 12 సెంటీమీటర్ల లోపలే ఈదుతాయి. నీళ్లు వెలుతురును వంచడం వల్ల 12 సెంటీమీటర్ల లోపలున్న చేప మన కంటికీ, కెమెరాకూ 9 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ కాస్త కలిసివస్తుంది. అయినా కెమెరా లెన్సును అద్దానికి ఆనించినా చేపకు ఆమడ దూరమే.

డబ్బా మీది అంకెను ఇలా చదవండి

కెమెరా వివరాల్లో దగ్గరి ఫోకస్ దూరం రెండు చోట్ల రాసి ఉంటుంది: జూమ్ లాగనప్పుడు ఒకటి, పూర్తిగా లాగినప్పుడు ఇంకొకటి. మొదటిది పెద్ద అక్షరాల్లో డబ్బా మీద ఉంటుంది. రెండోది లోపలి పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనకు కావాల్సింది ఆ రెండోదే.

జూమ్ లాగకుండా మూతి దగ్గరగా పెట్టి తీస్తే రెండు నష్టాలు. లెన్సు నీడ చేప మీద పడుతుంది. పైగా దగ్గరున్న తల పెద్దగా, తోక చిన్నగా వచ్చి చేప ఆకారమే మారిపోతుంది. చేప అద్దానికి అంటుకుని నిలబడాలి కూడా. అది మన మాట వినేది కాదు.

ఒక సులువైన లెక్క చెప్తాను. 36ను దగ్గరి ఫోకస్ దూరంతో గుణించి, ఆ జూమ్ ఎన్ని మిల్లీమీటర్లో దానితో భాగించండి. దూరం సెంటీమీటర్లలో వేస్తే ఫ్రేములో పట్టే వెడల్పు సుమారుగా సెంటీమీటర్లలోనే వస్తుంది. జూమ్ మిల్లీమీటర్లంటే వివరాల్లో '35 ఎంఎం ఈక్వివలెంట్' అని ఇచ్చే అంకెలు. పాత ఫిల్ము ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి ఆ 36.

ఈ లెక్కను కొన్ని కెమెరాల మీద వేసి చూద్దాం. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2 జూమ్ 100 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. అక్కడ దగ్గరి ఫోకస్ 40 సెంటీమీటర్లు. ఫ్రేము వెడల్పు 14 పైచిలుకు. పానాసోనిక్ ఎల్ఎక్స్100కు 75 మిల్లీమీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు, అదీ 14 పైచిలుకే. సోనీ మొదటి ఆర్ఎక్స్100 జూమ్ చివర 55 సెంటీమీటర్లు అడుగుతుంది, దాదాపు 20 వస్తుంది. అదే వరసలో తర్వాత వచ్చిన ఆర్ఎక్స్100 మార్క్ 6 జూమ్ 200 దాకా పెరిగింది కానీ దగ్గరి దూరం ఒక మీటరు. లెక్కేస్తే 18. ఇవన్నీ మంచి కెమెరాలే, పెళ్లికీ పేరంటానికీ చక్కగా పనికొస్తాయి. నియాన్ టెట్రాను మాత్రం ఫ్రేములో ఐదో వంతో ఆరో వంతో చూపిస్తాయి.

అంత మాత్రాన అవి పనికిరావని కాదు. 20 మెగాపిక్సెళ్ల ఫోటో అడ్డంగా దాదాపు 5,500 చుక్కలు. అందులో ఐదో వంతు మాత్రమే ఉంచి మిగతాది కత్తిరించేస్తే 1,100 మిగులుతాయి. ఫోన్‌లో చూసుకోవడానికి, వాట్సాప్‌లో పంపడానికి అది చాలు. ఫైటర్, ఏంజెల్, గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్లు ఈ కెమెరాల్లో ఒకటి తీసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. రొయ్యలు, నియాన్‌లు, చేప పిల్లలు తీయాలనుకుంటే కింద చెప్పే రెండు దారులు చూడండి.

రొయ్యకు తగ్గ రెండు దారులు

మొదటిది ఒలింపస్ టఫ్ వరస. 2017లో టీజీ-5, 2019లో టీజీ-6 వచ్చాయి. 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో టీజీ-7 వచ్చింది. వీటిలో 'మైక్రోస్కోప్' అనే మోడ్ ఉంటుంది. జూమ్ ఎంత లాగినా లెన్సుకు ఒక సెంటీమీటరు దగ్గర నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. 100 మిల్లీమీటర్ల జూమ్‌లో 10 సెంటీమీటర్ల దూరం వేసి లెక్క కడితే ఫ్రేము వెడల్పు మూడున్నర సెంటీమీటర్ల చిల్లర. రొయ్య నిండా పట్టేస్తుంది. ఇంకో సౌకర్యం: జూమ్ చేసినా లెన్సు బయటికి పొడుచుకు రాదు, ముందున్న చదునైన గాజు వెనకే కదులుతుంది. కెమెరాను అక్వేరియం అద్దానికి ఆనించి పట్టుకోవచ్చు. అలా ఆనిస్తే గదిలోని వెలుగు లోపలికి జొరబడదు, ప్రతిబింబాల బాధ చాలావరకు పోతుంది.

దాని లోటూ చెప్పాలి. సెన్సర్, అంటే వెలుతురును ఫోటోగా మార్చే చిప్పు, చిన్నది, 6 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. పైన చెప్పిన కెనాన్, సోనీ కెమెరాల్లోని 'ఒక్క అంగుళం' సెన్సర్ (పేరుకే అంగుళం) విస్తీర్ణంలో దానికి నాలుగింతలు. అందుకే వెలుతురు తక్కువైతే టఫ్ ఫోటోలు చుక్కలు చుక్కలుగా, గరుకుగా వస్తాయి. కానీ దగ్గరి ఫోటోల్లో చిన్న సెన్సర్‌కూ ఒక మేలుంది: ఒకే ఎఫ్ అంకె (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పేది, అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ) దగ్గర చేప కన్నూ, మొప్పా, రెక్కా అన్నీ ఒకేసారి స్ఫుటంగా వస్తాయి. పెద్ద సెన్సర్‌లో కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకైపోతుంది. వెలుతురు తక్కువను దీపంతో పూడ్చుకోవచ్చు, ఆ సంగతి తర్వాత. ఒక మాట, ఇది 15 మీటర్ల లోతు దాకా తట్టుకునే కెమెరా అయినా ట్యాంకులో ముంచకండి. చేతి సబ్బు, కొబ్బరినూనె, దోమల మందు ఏది అంటుకుని ఉన్నా ముందు చచ్చేవి రొయ్యలే.

రెండో దారి క్లోజప్ లెన్సు. కెమెరా ముందు బిగించే భూతద్దం లాంటిది. రేనాక్స్ డీసీఆర్-150 అనేది చాలామంది వాడతారు, దాని బలం 4.8 డయాప్టర్లు (కళ్లద్దాల పవరును కొలిచేదీ ఇందులోనే). దాన్ని తగిలిస్తే కెమెరా దూరపు వస్తువుకు ఫోకస్ పెట్టినా నిజానికి 21 సెంటీమీటర్ల దగ్గరున్నదాన్ని చూస్తుంది. ఎల్ఎక్స్100కు లెన్సు ముందు 43 మిల్లీమీటర్ల మర ఉంటుంది. రేనాక్స్ క్లిప్పు 52 నుంచి 67 మిల్లీమీటర్ల మరకు పట్టేది కాబట్టి మధ్యలో ఒక రింగు పెట్టుకోవాలి. అప్పుడు కెమెరా దగ్గరి ఫోకస్ కూడా వాడితే 14 సెంటీమీటర్ల ఫ్రేము దాదాపు 6కు దిగుతుంది. జేబులో పట్టకపోయినా పర్లేదంటే 2015లో వచ్చిన పానాసోనిక్ ఎఫ్‌జెడ్300 మరింత మంచి జోడీ: 600 మిల్లీమీటర్ల జూమ్, అంతటా ఎఫ్ 2.8, నేరుగా 52 మర. అద్దానికి కాస్త ఎడంగా కూర్చుని జూమ్ తిప్పుతూ రొయ్యను ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. చేపలు బెదరవు.

కొన్ని కాంపాక్ట్‌లకు మర ఉండదు. వాటికి అతికించే రింగులు దొరుకుతాయి కానీ సన్నటి లెన్సు గొట్టం మీద బరువు వేలాడదీయడం నాకు ఇష్టం ఉండదు. జూమ్ మోటారు అరిగిపోతుంది.

ఫోనుంది కదా అంటారా? చేప అద్దం దగ్గరికొస్తే ఫోను బాగానే తీస్తుంది. లోపలికి పోతే చాలా ఫోన్లలో పాత కథే, అదీ జూమ్ లాగనప్పటి దగ్గరితనమే.

షాపులో పది నిమిషాల పరీక్ష

లెక్క దారి చూపిస్తుంది, కానీ మరీ దగ్గరి దూరాల్లో కాస్త అటూ ఇటూ అవుతుంది. కాబట్టి కళ్లతో చూసి కొనండి. పిల్లల కంపాస్ బాక్సులోని 15 సెంటీమీటర్ల స్కేలు ఒకటి, మీ మెమరీ కార్డు ఒకటి వెంట తీసుకుపోండి. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. మళ్లీ మళ్లీ పోలేం కదా.

షాపులో కౌంటరుకు గాజు ఉంటుంది. అదే మీ ట్యాంకు అద్దం అనుకోండి. స్కేలును గాజు వెనక జానెడు లోపల నిలబెట్టమని అడగండి. జూమ్ పూర్తిగా లాగి, మాక్రో (దగ్గరి ఫోటోల మోడ్) పెట్టి, ఫోకస్ అయ్యేదాకా కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఫోటో తీయండి. ఇప్పుడు ఆ ఫోటోలో స్కేలు మీద ఎన్ని సెంటీమీటర్లు పట్టాయో లెక్కపెట్టండి. జేబులోని కాగితం తీసి పోల్చుకోండి. 6 కావాల్సిన చోట 14 వస్తే, అంత కత్తిరింపుకు మీరు ఒప్పుకుంటారా లేదా అన్నది అక్కడే తేల్చుకోవచ్చు. జూమ్ సగానికి తగ్గించి కూడా తీసి చూడండి. కొన్ని కెమెరాలు మధ్య జూమ్‌లో చివరికంటే చాలా దగ్గరగా పడతాయి, ఆ సంగతి చాలా పుస్తకాల్లో రాయరు.

అలాగే గాజు మీద వేలిముద్ర ఉన్నచోట గురి పెట్టండి. కెమెరా స్కేలును పడుతోందా, వేలిముద్రను పడుతోందా? ట్యాంకు అద్దం మీద గీతలు, పాచి చుక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఫోకస్ చుక్కను చిన్నది చేసి కావాల్సిన చోటికి జరుపుకునే వీలు, చేత్తో ఫోకస్ తిప్పుకునే వీలు ఉన్న కెమెరానే తీసుకోండి. ఈ రెండూ లేనిది ఎంత చవకైనా వదిలేయండి.

ఇక ఆలస్యం సంగతి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపించి, బటన్ సగం నొక్కి ఫోకస్ కానిచ్చి ఉంచండి. సరిగ్గా 5 సెకన్లు కనిపించగానే పూర్తిగా నొక్కండి. ఫోటోలో 5.2 ఉంటే మన చెయ్యే కాస్త ఆలస్యం, కెమెరా మంచిదే. ఇప్పుడు సగం నొక్కకుండా ఒకేసారి నొక్కి మళ్లీ చూడండి. 6 దాటితే ఆ ఫోకస్ నియాన్ వెంట పరుగెత్తలేదు.

వెనక స్క్రీను పైకి తిరిగేదైతే మంచిది. ట్యాంకు స్టాండు నడుము ఎత్తే ఉంటుంది, గంటసేపు మోకాళ్ల మీద కూర్చోవడం కష్టం. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ముడి ఫోటో) ఇచ్చే కెమెరా అయితే నీలి ఎల్ఈడీ కింద తప్పిన రంగులను ఇంట్లో సరిదిద్దుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకొంచెం చూడాలి. జూమ్ నాలుగైదు సార్లు లాగి దించండి, గరగర శబ్దం రాకూడదు. తెల్ల కాగితాన్ని ఎఫ్ అంకె పెద్దది పెట్టి తీయండి, నల్ల మచ్చలుంటే లోపల దుమ్ము చేరినట్టు. లెన్సులో టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి బూజు కనపడితే వద్దు. బ్యాటరీ ఉబ్బిందేమో వేళ్లతో తడమండి. మరీ పాత ఒలింపస్‌లకు ఎక్స్‌డీ అనే వేరే కార్డు కావాలి, అది దొరకడం గగనం. ఎస్‌డీ కార్డు పట్టేదే చూసుకోండి.

ఇంట్లో మొదటి సాయంత్రం

ఎంత మంచి కెమెరా అయినా మన దగ్గర అద్దమే శత్రువు. నల్లగొండ జిల్లా బోరు నీళ్ల సంగతి ఫ్లోరైడ్ పుణ్యమా అని దేశమంతటికీ తెలుసు. ఉప్పు కూడా అంతే. అద్దం మీద చిందిన ప్రతి చుక్కా ఆరి తెల్లటి మచ్చ అవుతుంది. కంటికి పెద్దగా ఆనని ఆ మచ్చలే ఫోటోలో పొగమంచులా వస్తాయి. బయటి వైపు నిమ్మచెక్కతో గానీ వెనిగర్ తడిపిన గుడ్డతో గానీ రుద్ది, చివర తాగే నీళ్ల క్యాన్ లోని నీళ్లతో తుడిచి పొడిగుడ్డ వేయండి. బోరు నీళ్లతో తుడిస్తే మళ్లీ మచ్చే. లోపలి పాచి స్పాంజితో, సబ్బు అస్సలు వద్దు.

నీళ్లు మార్చిన రోజు ఫోటోలు పెట్టుకోకండి. అద్దానికీ ఆకులకూ సన్నటి గాలిబుడగలు పట్టుకుని ఉంటాయి, ముందు రోజే మార్చండి. మేత కూడా ఫోటోలయ్యాకే వేయండి, లేకుంటే ప్రతి పొడి రేణువూ చేప పక్కన తెల్ల చుక్కగా తేలుతుంది.

చీకటి పడ్డాక గదిలో లైట్లన్నీ ఆర్పేసి ట్యాంకు లైటు ఒక్కటే ఉంచండి. మీరు నల్ల చొక్కా వేసుకోండి, తెల్ల బనీనుతో కూర్చుంటే అద్దంలో చేప మీద మీ పొట్టే కనిపిస్తుంది. పిల్లలు చదువుకునే టేబుల్ ల్యాంపును ట్యాంకు పైమూత మీద, నీళ్లలో జారిపడకుండా కట్టి, కిందికి తిప్పి పెట్టండి. పైనుంచి పడే ఆ వెలుగులోనే నియాన్ నీలిగీత మెరుస్తుంది. పావుగంట చేపలను అలవాటు పడనివ్వండి. కెమెరా ఫ్లాష్ ఆపేయండి, అది అద్దంలో తగిలి తిరిగి మీ మీదికే వస్తుంది.

మొదట తెల్ల ప్లాస్టిక్ స్పూను కడిగి నీళ్లలో పెట్టి, దాని మీద వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగు) పట్టించండి. షట్టరు 1/100 (సెకనులో వందో వంతు) దగ్గర మొదలుపెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/250 పెడితే ఫోటోలో అడ్డంగా నల్ల చారలు రావచ్చు. చారలు రాకపోతే మీ లైటు మంచిది, నియాన్ కోసం 1/250కే పోండి. ఒక్క అంగుళం సెన్సర్ అయితే ఎఫ్ 5.6 చుట్టూ ఉంచండి. ఐఎస్ఓ (చీకట్లో ఫోటోను వెలిగించేందుకు పెంచే అంకె, పెంచితే గరుకుతనం వస్తుంది) 800 దాటకుండా చూసుకోండి, చీకటిగా వస్తే ఐఎస్ఓ పెంచేముందు ఇంకో ల్యాంపు పెట్టండి.

కెమెరాను అద్దానికి ఎదురుగా, తిన్నగా పట్టుకోండి. పక్కకు వాలిస్తే చేప అంచుల్లో రంగుల పీచు వస్తుంది, ఆకారం సాగుతుంది. చేప వెంట కెమెరాను తిప్పడం మానేయండి. ట్యాంకులో చేపలు రోజూ ఒకే దారిలో తిరుగుతాయి. ఒక ఆకును ఎంచుకుని దానికి ఫోకస్ పెట్టి అక్కడే తాళం వేసినట్టు ఆపేయండి. మోచేతులు కుర్చీ వీపు మీద ఆనించి ఆగండి. చేప ఆ ఆకు పక్కకు రాగానే వరసగా నాలుగైదు నొక్కండి.

ఫిల్టరు గాలి నీళ్లను కదిలిస్తోందని దాన్ని ఆపే ఉంటారు. మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా, కెమెరా సంచీ జిప్పుకు ఒక ఎర్ర దారం కట్టుకోండి. నేను కట్టుకున్నాను. సంచీ మూసేటప్పుడు వేలికి తగులుతుంది, వెంటనే లేచి స్విచ్ వేస్తాను.